దసరాకు ఇంటికి పోయే ముందు: తిండి అంటే భయపడేవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు కొన్ని జాగ్రత్తలు

పెత్తర అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలయ్యే సంబురం దసరా మరునాటి దాకా సాగుతుంది. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ఊళ్లలో ఇంటిల్లిపాదీ ఒక్కచోట చేరేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. హైదరాబాద్‌లో చదివే పిల్లలు, ముంబై, పుణె పనులకు పోయినవాళ్లు, అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలు, అందరూ దిగుతారు. సద్దుల నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద. దసరా నాడు పొద్దున్నే యాట తెగితే మధ్యాహ్నానికి బగారా అన్నం, యాటకూర, బోటి, గారెలు. చాలామందికి నోరూరించే మాటలివి. ఇవే మాటలు వింటే గుండె దడ పెరిగేవాళ్లు కూడా మన ఇళ్లలోనే ఉన్నారు.

బరువు పెరుగుతానన్న భయంతో రోజురోజుకూ తిండి తగ్గించుకుంటూ పోయిన అమ్మాయి ఉంటుంది. అందరి ముందు రెండు ముద్దలు తిని, రాత్రి అందరూ పడుకున్నాక డబ్బాలోని గరిజెలు ఆపుకోలేక తినేసి, తరువాత సిగ్గుతో కుమిలిపోయే అబ్బాయి ఉంటాడు. తిన్నది కక్కేసి వచ్చేవాళ్లు ఉంటారు. థైరాయిడ్‌కో పీసీఓడీకో మందులు వాడుతూ, లావు గురించి మాటలు పడలేక పండుగకే రానని మొండికేసే కోడలు ఉంటుంది. ఒకసారి తునక గొంతులో అడ్డం పడినప్పటి నుంచి నలుగురిలో కూర్చుని తినాలంటే వణికే పెద్దమనిషి కూడా ఉంటాడు. వీళ్లలో కొందరిది అనోరెక్సియా, బులీమియా, బింజ్ ఈటింగ్ అని డాక్టర్లు పేరు పెట్టి వైద్యం చేసే జబ్బు. కొందరిది ఇంకా అంతదాకా పోని బెంగ. ఈ జాగ్రత్తలు ఇద్దరికీ పనికొస్తాయి. జబ్బు దాకా పోయినవాళ్లకు వీటితో పాటు వైద్యం కూడా కావాలి.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పండుగ పూట ఎక్కువగా భయపెట్టేది చుట్టూ కూర్చున్నవాళ్ల చూపులు, మాటలు, బలవంతపు వడ్డన. పళ్లెంలో ఉన్న కూర ఆ తరువాతే. అందుకని సర్దుబాటు చేయాల్సింది ముందు మనుషులతో. అది పంక్తిలో కూర్చున్నాక కుదిరే పని కాదు, వారం ముందే ఫోన్‌లో జరిగిపోవాలి.

వారం ముందు

ఇంట్లో ఒక్క మనిషిని ఎంచుకోండి. అమ్మే కానక్కర్లేదు. చాలా ఇళ్లలో అమ్మకంటే చిన్నమ్మో, వదినో, పెదనాన్న కొడుకో బాగా అర్థం చేసుకుంటారు. వాళ్లతో వివరాలన్నీ చెప్పుకోవాల్సిన పని లేదు. "వదినా, నలుగురిలో తినాలంటే నాకు టెన్షన్ అయితుంది. ఎవరన్నా బలవంతం పెడితే నువ్వు మాట మార్చు. నా పక్కన కూర్చో" అంటే చాలు. ఇద్దరికీ తెలిసే ఒక సైగ కూడా అనుకోండి. భయం ఎక్కువైనప్పుడు చెయ్యి నొక్కితే, "నీళ్లు తెద్దాం రా" అని ఆమె మిమ్మల్ని లేపుకుని పోవాలి.

ఇప్పటికే డాక్టరు దగ్గరకో కౌన్సెలర్ దగ్గరకో పోతున్నవాళ్లు పండుగకు ముందే ఒకసారి కలవండి. ఏ పూట ఏం తినాలో వాళ్లతో కూర్చుని రాసుకోండి. మందులు పండుగ రోజులకే కాకుండా ఇంకో నాలుగు రోజులకు సరిపడా తెచ్చుకోండి. దసరా నాడు ఊళ్లో మందుల దుకాణం తెరిచి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఒక్కపొద్దు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నవరాత్రుల్లో ఒక్కపొద్దు ఉండడం మన ఇళ్లలో మామూలే, భక్తితో ఉండేవాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. తిండికి భయపడే మనిషికి మాత్రం అది మంచి చాటు అవుతుంది. అందరూ మెచ్చుకుంటారు, ఎవరూ ఎందుకని అడగరు, లోపల జబ్బు ముదురుతుంది. అప్పటికే బాగా చిక్కిపోయిన పిల్ల ఈసారి తొమ్మిది రోజులూ ఒక్కపొద్దు ఉంటానంటే ఇంటివాళ్లు సంతోషపడకుండా కొంచెం ఆగి చూడాలి. మీలో ఆ జబ్బు ఉందని మీకు తెలిస్తే ఈ ఏడు ఒక్కపొద్దు మానేయండి. ఒంట్లో బాగాలేనివాళ్లకు ఉపవాసం పెట్టవద్దని మన పెద్దలే అంటారు.

పొద్దటి పూట ఖాళీ కడుపుతో ఉండొద్దు

మధ్యాహ్నం ఎలాగూ భారీగా తినాలి కదా అని పొద్దున మానేయడం చాలామంది చేసే పని. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఆరాంఘర్‌లోనో పొద్దున్నే బస్సెక్కి, పండుగ రద్దీలో నిలబడి వచ్చి, ఒంటిగంటకు ఇల్లు చేరి, యాట ఉడికేదాకా ఇంకో గంట ఆగి, అప్పుడు పళ్లెం ముందు కూర్చుంటే ఏమవుతుంది? చాలా గంటలు ఖాళీగా ఉన్న శరీరం దొరికినంత తినమని తొందరపెడుతుంది, తిన్నకొద్దీ ఆగదు. ఆపుకోలేక తినే అలవాటు ఉన్నవాళ్లకు దాన్ని రేపే ముఖ్య కారణాల్లో ముందు పూట మానేయడం ఒకటి. తినకుండా ఉండే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. ఖాళీ కడుపుతో భయం పెరుగుతుంది, తల తిరుగుతుంది, ఆ తలతిప్పును చూసి తినాలంటే మరింత జంకుతారు.

కాబట్టి పొద్దున రోజూ తినేదే తినండి. ఇడ్లీనో, ఉప్మానో, జొన్నరొట్టె పప్పో. బస్సులోకి రెండు అరటిపండ్లు, ఒక నీళ్ల సీసా పెట్టుకోండి. షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మందు పడ్డాక అన్నం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి తరువాత అన్నం తినాలి.

పంక్తిలో

కూర్చునే చోటు మీరే ఎంచుకోండి. వరుస చివరన, మీ మనిషి పక్కన. నడుమ కూర్చుంటే బకెట్ పట్టుకుని అటొకరు ఇటొకరు వచ్చి వద్దనేలోపే గరిటె దించేస్తారు. ఇంట్లోనే భోజనమైతే మీ పళ్లెంలో మీరే పెట్టుకోండి. మొదటి వడ్డనలోనే అన్నం, ఒక కూర, పెరుగు, ఇష్టమైన తీపి ఒకటి, ఇలా పళ్లెం నిండుగా కనిపించేలా పెట్టుకుంటే "గింతేనా?" అనే మాట తక్కువగా వస్తుంది. వడ్డించే పని నెత్తిన వేసుకుని అందరికీ పెడుతూ తిరిగితే తప్పించుకోవచ్చని అనిపిస్తుంది. అది ఆ పూటకు హాయిగా ఉన్నా, రాత్రికి మీ కడుపు ఖాళీ, భయం అట్లాగే. కాసేపు వడ్డించినా మొదటి బంతిలోనే కూర్చుని తినేయండి.

ముద్ద నోట్లో పెట్టుకోగానే గొంతు బిగుసుకుపోతే కంగారు పడవద్దు. భయం కలిగినప్పుడు శరీరం జీర్ణం చేసే పనిని పక్కన పెడుతుంది, అందుకే నోరు ఎండుతుంది, వికారం వస్తుంది. ముద్ద కింద పెట్టి, గాలి పీల్చిన దానికంటే వదలడం నెమ్మదిగా, పొడుగ్గా చేయండి. అట్లా కొన్నిసార్లు. పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఆ తరువాత మెత్తటిది, పెరుగన్నం లాంటిదానితో మళ్లీ మొదలుపెట్టండి.

మాటలకు మాట

"ఏంది బిడ్డా గిట్ల బక్కగైనవ్, హాస్టల్ల తిండి పెడ్తలేరా?" "ఇంత దొడ్డుగైతే పిల్లగాడు ఎట్ల దొరుకుతడే?" "ఒక్క తునక ఏసుకో, నా మీద ఒట్టు." ఈ మూడింట్లో ఒకటైనా వినకుండా ఊరి నుంచి తిరిగొచ్చినవాళ్లు తక్కువ. ముఖ్యంగా దసరా సాయంత్రం. జమ్మి దగ్గరి నుంచి వచ్చి బంగారమని జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకునేటప్పుడు ప్రతి పెద్దమనిషీ మనల్ని కింది నుంచి పైదాకా చూసి ఒక మాట అంటారు. ప్రతి ఇంట్లో పళ్లెం పెడతారు. ఏ ఇంట్లో తినాలో ముందే అనుకుని, మిగతా ఇళ్లలో మంచినీళ్లతోనో చాయ్‌తోనో సరిపెట్టండి. "అత్తా, ఇప్పుడే అమ్మమ్మోళ్లింట్ల తిన్న, చాయ్ పెట్టు" అంటే ఎవరూ నొచ్చుకోరు.

శరీరం మీద మాట వచ్చినప్పుడు జవాబు చెప్పాలన్న నియమం ఏమీ లేదు. "అవునా మామా? నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? ఈసారి పత్తి ఎట్లొచ్చింది?" అని వాళ్ల సంగతిలోకి పోండి. పెద్దవాళ్లు సంతోషంగా అటు మళ్లుతారు. అదే మనిషి మళ్లీ మళ్లీ అంటే, "పెద్దమ్మా, నా ఒంటి గురించి మాట్లాడితే నాకు బాధైతుంది, వేరే ముచ్చట పెడదాం" అని ఒకసారి నెమ్మదిగా చెప్పేయండి. అది ఎదురు మాట్లాడడం కిందకు రాదు. ఒట్టు పెట్టినప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఒట్టు పెట్టినవాళ్ల చేయి పట్టుకుని, "నాకు కట్టియ్యి అవ్వా, పట్నం పోయినంక నీ పేరు చెప్పుకుని తింటా" అనండి. కట్టించుకున్నది తరువాత నిజంగానే తినండి.

ఆ అవ్వ ఎందుకంత బలవంతం పెడుతుందో కూడా తలచుకోవాలి. పాలమూరు కరువులూ వలసలూ చూసిన తరం అది. జొన్న గట్కతో, అంబలితో ఏడాదంతా గడిపి, వరి అన్నం పండుగ నాడే చూసిన మనిషికి మనవరాలు పళ్లెం పక్కకు నెడితే కడుపు తరుక్కుపోతుంది. పెట్టడం తప్ప ప్రేమ చూపే దారి ఆమెకు ఇంకొకటి దొరకలేదు. ఆమె పక్కన కూర్చుని పాత ముచ్చట్లు చెప్పించుకోండి, తలకు నూనె పెట్టించుకోండి. ఆమె కోరుకునేది చాలావరకు అందులోనే తీరుతుంది.

కల్లు, మందు

దావత్‌లో కల్లు లేకుండా జరగదని తెలుసు. అయినా చెప్పక తప్పదు. ఆందోళనకో నిద్రకో మాత్రలు వాడుతున్నవాళ్లు కల్లు గానీ మద్యం గానీ ముట్టవద్దు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలిపిన సంఘటనలు మన వైపు కొత్త కాదు. మీరు మింగిన మాత్ర, కల్లులో కలిపిన మత్తు కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదకు వస్తుంది. తినకుండా తాగడం ఇంకా చెడ్డది.

ఇంటివాళ్లు చేయాల్సింది

ఒక్కసారి అడగండి: "ఇంకొంచెం పెట్టనా?" వద్దంటే వదిలేయండి. అడగకుండా వెనక నుంచి వడ్డించవద్దు. ఎంత తిన్నదో లెక్క పెట్టవద్దు. "ఇయ్యాల మంచిగ తిన్నవ్ బిడ్డా" అని మెచ్చుకోవడం కూడా వద్దు. ఎంతో ప్రేమతో అన్న ఆ మాటే "అంటే నేను ఎక్కువ తిన్నానా" అని ఆ పిల్ల మనసులో రాత్రంతా తిరుగుతుంది. వేరేవాళ్ల లావు గురించి, పెళ్లిచూపులకు సన్నబడడం గురించి ఆమె ముందు ముచ్చట పెట్టకండి.

తిన్న వెంటనే బాత్రూంలోకి పోయి కక్కే అలవాటు ఉందని మీకు తెలిస్తే వెంటపడి తలుపు కొట్టవద్దు. తిన్నాక గంటసేపు ఆమెను ఒంటరిగా వదలకుండా ఉంటే చాలు. బతుకమ్మకు పూలు ఏరడానికో, పిల్లలతో అష్టాచెమ్మా ఆడడానికో పిలవండి. ఎందుకు పిలుస్తున్నారో చెప్పాల్సిన పని లేదు.

ఇంకొకటి జాగ్రత్తగా వినండి. ఐదు రోజులకు పైగా దాదాపు ఏమీ తినని మనిషికి పండుగ పేరుతో ఒక్కసారిగా భారీగా పెట్టడం ప్రమాదం. అప్పుడు రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం లాంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి గుండెకు ముప్పు రావచ్చు. అటువంటివాళ్లను ముందు డాక్టరుకు చూపించి, వాళ్లు చెప్పినట్టు కొంచెం కొంచెంగా పెంచాలి.

మరునాడు, ఆ తరువాత

ఎక్కువ తిన్నామని మరునాడు పస్తు ఉండవద్దు, పొద్దున్నే కిలోమీటర్లు పరుగెత్తవద్దు. ముందు చెప్పిన ఖాళీ కడుపు కథ అక్కడే మళ్లీ మొదలవుతుంది. రోజూ తినే వేళకు రోజూ తినేది తినండి. బరువు తూచుకోవద్దు. ఉప్పు ఎక్కువున్న మురుకులు, కూరలు తిన్నాక ఒంట్లో నీరు నిలిచి ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది. అది కొవ్వు కాదు, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది.

కక్కుకున్నవాళ్లు వెంటనే పళ్లు తోమవద్దు. ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పైపొర బ్రష్‌తో అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగండి. ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. గుండె గతి తప్పి కొట్టుకున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, కాళ్లూ చేతులూ పట్టేసినా, వాంతిలో రక్తం కనిపించినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మాటిమాటికీ కక్కేవాళ్లకు పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంటుంది, వయసు తక్కువైనా సరే.

నెలసరి ఆగిపోయిన అమ్మాయి, కొద్ది నెలల్లో బాగా చిక్కిపోయిన పిల్లవాడు, దొంగచాటుగా విరేచనాల మాత్రలు వాడేవాళ్లు, వీళ్ల విషయంలో వచ్చే పండుగ దాకా ఆగవద్దు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ పేరు వింటేనే జంకేవాళ్లు ముందు టెలి మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పండుగ రోజు ఇంటి నిండా జనం ఉంటే డాబా మీదకు పోయి చేయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే "నాకు తినాలంటే భయమైతుంది" అని ఒక్క మాట చెప్పండి, మిగతావి వాళ్లే అడుగుతారు.