యూరప్‌లో రైలు టికెట్లు ఎలా బుక్ చేయాలి? ఏది ముందు కొనాలి, ఏది ఆగొచ్చు

యూరప్ రైళ్లలో వెయిటింగ్ లిస్ట్, ఆర్ఏసీ ఉండవు. దూరప్రాంత రైళ్లకు మాత్రం ప్రయాణం దగ్గరపడేకొద్దీ విమానం టికెట్ లాగే రేటు పెరుగుతుంది. అందుకే టికెట్లన్నీ ఒకేసారి కొనేయాలని టెన్షన్ పడకుండా, ఏ రైలుకు సీటు రిజర్వేషన్ తప్పనిసరో ముందు తేల్చుకోండి, వాటినే ముందు కొనండి.

పారిస్ నుంచి జ్యూరిక్, అక్కడి నుంచి మిలాన్, ఆ తర్వాత వెనిస్ వెళ్తున్నారనుకుందాం. మొదట జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో రైళ్లు వెతకండి. అన్ని దేశాల టికెట్లూ అందులో అమ్మరు గానీ, యూరప్‌లో చాలా దేశాల టైమింగ్స్ చూపిస్తుంది. ఊళ్ల పేర్లు అక్కడివాళ్లు రాసినట్టే కొట్టండి, వెనిస్‌కు వెనెజియా అని. అందులోనూ రెండు స్టేషన్లు వస్తాయి: మెస్త్రే అంటే నీళ్లకు ఇవతల ఒడ్డున ఉన్నది, సాంత లూచియా అంటే దిగి బయటికి రాగానే కాలువ కనిపించేది. హోటల్ ఎక్కడుందో చూసుకుని ఎంచుకోండి.

ఈ రూటులో పారిస్–జ్యూరిక్ టీజీవీ లిరియా అనే హైస్పీడ్ రైలుకు, సరిహద్దు దాటే జ్యూరిక్–మిలాన్ రైలుకు, మిలాన్–వెనిస్ ఫ్రెచ్చారోస్సా అనే ఇటలీ హైస్పీడ్ రైలుకు రిజర్వేషన్ ఉండాల్సిందే. ఈ మూడూ నెలల ముందే చూసి పెట్టుకోండి. మధ్యలో జ్యూరిక్ నుంచి లూసర్న్‌కో ఇంటర్‌లాకెన్‌కో వెళ్లొచ్చే రైళ్లకు ఆ అవసరమే లేదు, టికెట్ ఉంటే ఖాళీ సీట్లో కూర్చోవచ్చు. ఆకాశం చూసుకుని ఆ రోజు పొద్దున్నే కొనుక్కున్నా ఫర్వాలేదు.

ఇక పాస్ సంగతి, అంటే ఒకసారి కొంటే చాలా దేశాల రైళ్లు ఎక్కడానికి పనికొచ్చేది. ఇండియాలో ఉండేవాళ్లకు యూరైల్, యూరప్‌లో స్థిరపడినవాళ్లకు ఇంటర్‌రైల్. చూసేది పాస్‌పోర్ట్ కాదు, నివాసం. అంటే జర్మనీలో ఉద్యోగం చేసే మన పిల్లలది ఇంటర్‌రైల్, వాళ్లను చూడటానికి వెళ్లే అమ్మానాన్నలది యూరైల్. గ్లోబల్ పాస్ 33 దేశాల్లో చెల్లుతుంది. కానీ పాస్ ఉన్నా రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి, లండన్‌ను పారిస్ లాంటి ఊళ్లతో కలిపే యూరోస్టార్‌లో, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లైన టీజీవీల్లో పాస్ వాళ్లకు కేటాయించే సీట్లు కూడా తక్కువ. ఇటలీలో ఇతాలో అనే ప్రైవేటు కంపెనీ రైళ్లు అసలు పాస్‌నే ఒప్పుకోవు. తేదీలు ఖాయమై, మూడు నాలుగు ప్రయాణాలే ఉంటే విడి టికెట్లే మేలని నా అభిప్రాయం. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో ఇష్టం వచ్చినట్టు తిరగాలనుకునేవాళ్లకు పాస్ బాగా కలిసొస్తుంది. కొనేముందు రెండు లెక్కలూ కాగితం మీద వేసుకోండి.

వీసా చేతికి రాకముందు అన్నిటికంటే చవకైన టికెట్ కొనకండి, సాధారణంగా దానికి రీఫండ్ ఉండదు. కాస్త ఎక్కువైనా రద్దు చేసుకోగలిగేది తీసుకోండి. లండన్ కూడా కలుపుకుంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా సరిపోదు, బ్రిటన్ వీసా వేరే కావాలి. కార్డులో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ముందే ఆన్ చేసుకోండి. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్ట్‌లో ఏ వరుసలో ఉంటే అలాగే పూర్తిగా టైప్ చేయండి, ఇంటిపేరును ఇనీషియల్‌గా కుదించొద్దు.

రైలు మారాల్సి వస్తే, వీలైనంతవరకు మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ కొనండి. విడివిడిగా కొంటే, మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు రెండో టికెట్ డబ్బు పోయినట్టే అనుకోవాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం, రైల్వే బాధ్యత ఉన్న ఆలస్యమైతే గంట దాటితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడిగి తీసుకోవచ్చు, కాబట్టి టికెట్ డిలీట్ చేయకండి.

ప్రయాణం రోజున పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌కు కాస్త ముందే చేరండి. అక్కడ కొన్ని ప్లాట్‌ఫారాలకు అంకెలు, కొన్నిటికి అక్షరాలు, అవి వేర్వేరు హాళ్లలో ఉంటాయి, పైగా మన రైలు ఎక్కడికొస్తుందో చివర్లో గానీ బోర్డు మీద పడదు. ఇటలీలో ప్యాసింజర్ రైలుకు కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోండి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ కట్టాలి.