ఉయ్యాల పక్కన మందు సీసా ఎందుకు?

చెన్నై పెరంబూరులో మా వీధిలో ఏ ఇంట పురుడు జరిగినా, బిడ్డ ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే నాకు పిలుపు వస్తుంది. ముప్పై ఏళ్లు ప్రసూతి వార్డులో నర్సుగా చేశాను మరి. వెళ్లేసరికి ఉయ్యాల పక్కన మూడు వస్తువులు తప్పకుండా ఉంటాయి: యాంటీసెప్టిక్ సీసా, పసుపు, కాల్చిన వసకొమ్ము. ముందు ఆ మూడింటినీ అటక ఎక్కిస్తాను.

చేతులతో మొదలుపెట్టండి. నెల్లూరు బస్సు దిగి నేరుగా వచ్చిన మేనత్త అయినా సరే, గాజులు పైకి నెట్టి, ఉంగరాలు తీసి, సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలి చుట్టూ, నలభై సెకన్లకు తగ్గకుండా రుద్దాలి. కొళాయి రాని పూట శానిటైజర్ పనికొస్తుంది కానీ, మట్టి అంటిన చేతులకు అది చాలదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసి వచ్చే వైద్యుల చేత క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడిగిస్తే బాలింత జ్వరం చావులు బాగా తగ్గాయి. అప్పుడు పెద్ద డాక్టర్లకు కోపం వచ్చింది, ఇప్పుడు మేనత్తలకు వస్తోంది.

ఇక బొడ్డు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ బొడ్డుకు ఏమీ పూయనక్కరలేదు. అది ఊడేదాకా, అంటే ఒకటి రెండు వారాలు, పొడిగా ఉంచండి. లంగోటా బొడ్డుకు కిందుగా కట్టండి. మలం అంటితే కాచి చల్లార్చిన నీటితో తుడిచి, మెత్తని గుడ్డతో అద్దండి. స్పిరిట్ పూస్తే ఊడటం ఆలస్యమవుతుంది. అయోడిన్ మందు చర్మం గుండా ఇంకి బిడ్డ థైరాయిడ్‌ను ఇబ్బంది పెట్టవచ్చు. స్నానం నీళ్లలో మూతెడు మందు కలపడమూ వద్దు.

“నేపాల్‌లో క్లోర్‌హెక్సిడిన్ పూస్తారు కదా పెద్దమ్మా!” అంది ఫార్మసీ చదివే మా చెల్లెలి కూతురు. నిజమే, అదీ క్రిములను చంపే మందే. బొడ్డుకు పేడలాంటివి రాసే అలవాటున్న చోట, మొదటి వారం 7.1 శాతం క్లోర్‌హెక్సిడిన్ డైగ్లూకోనేట్ పూయడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మన ఇళ్లలో మాత్రం డాక్టరు రాస్తేనే. రాసినా కంటి చుక్కల పక్కన పెట్టకండి. పొరపాటున కళ్లలో వేయడం వల్ల పసిపిల్లల కళ్లు దెబ్బతిన్న ఘటనలు కొన్ని దేశాల్లో జరిగాయి.

బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడినా, చీము పట్టినా, దుర్వాసన వచ్చినా, బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోను చేయండి. ఎగ్మోరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకైనా చూస్తారు.