పిల్లలు ఆడుకునే కాలనీ కావాలంటే ఏం చేయాలి? డెల్టా పట్టణాల వారికి

ముందు ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని ఇంటి నుంచి అంగన్‌వాడీ దాకా నడవండి. మూడేళ్ల పిల్ల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు వంగి చూస్తే, ఆగి ఉన్న కారు వెనక నుంచి వచ్చే బైకు కనిపించదు. మూత లేని డ్రెయిను మాత్రం కాళ్ల పక్కనే ఉంటుంది. ఇలాంటివన్నీ ఫొటోలు తీసి, వీధి బొమ్మ గీసి గుర్తులు పెట్టుకోండి. వార్డు సచివాలయంలో ఇచ్చే అర్జీకి ఇవి జత చేయాలి.

తర్వాత లేఅవుట్ ప్లాన్ కాపీ సంపాదించండి. లేఅవుట్‌లో కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదలాలని రాష్ట్ర నిబంధన. మన దగ్గర వరిచేలను మెరక చేసి ప్లాట్లు వేస్తారు కదా, అమ్ముకునే ప్లాట్లకు పోసినంత మట్టి చాలాచోట్ల పార్కు స్థలంలో పోయరు. వానలు పడగానే అది గుంట అవుతుంది, గుర్రపుడెక్క పెరుగుతుంది, దోమలు చేరతాయి. అందుకే ఉయ్యాలలు, జారుడుబల్లలు తర్వాత అడగవచ్చు. ముందు మెరక, నీళ్లు బయటికి పోయే దారి అడగండి. చుట్టూ వేప, కానుగ, నేరేడు నాటండి. నీడ లేకపోతే ఎండాకాలం సాయంత్రం ఐదింటికి కూడా అక్కడికి ఎవరూ రారు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ‘ఇక్కడ బంతి ఆడరాదు’ అని బోర్డు పెట్టే పెద్దమనుషులకు ఈ మాట చెప్పి చూడండి. మట్టి పోయించడం కంటే వాళ్లను ఒప్పించడమే కష్టం!

కాలువ గట్టు ఉంటే అదృష్టమే. చల్లగాలి, చెట్ల నీడ, నడక దారి అన్నీ అక్కడే. కానీ నీళ్ల వైపు రెయిలింగ్ తప్పనిసరి. కమ్మీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా పెడితే పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. రేవు మెట్లకు గేటు పెట్టించండి. గట్టు మీద ఏం చేయాలన్నా జలవనరుల శాఖ అనుమతి కావాలి. పనులకు వీలు వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసినప్పుడే కాబట్టి, సంక్రాంతి లోపే కాగితాలు కదిలించండి.

కౌన్సిలర్ ఇవన్నీ మనకెందుకు అంటే కాకినాడ పేరు చెప్పండి. ఐదేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం పెట్టిన నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్‌లో 2022లో ఎంపికైన 10 నగరాల్లో అదొకటి.

బడి ముందు రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటకూడదు. మలుపులు ఇరుకు చేస్తే బండ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. సిమెంటు పోయకముందే ట్రాఫిక్ పోలీసులకు చెప్పి, ఒకరోజు సున్నం గీతలు, ఇసుక బస్తాలతో ప్రయత్నించండి. స్కూల్ ఆటోవాళ్ల అభ్యంతరాలేంటో ఆరోజే తెలుస్తాయి.