నాణ్యత నిర్వహణ – 4వ పాఠం: కరెక్షన్, కరెక్టివ్ యాక్షన్

ముందుగా గత పాఠం అభ్యాసంలో అడిగిన 'తక్కువ గ్రేడు వస్తువు నాణ్యత తక్కువదేనా?' అన్న ప్రశ్నకు జవాబు. గ్రేడు తక్కువైనంత మాత్రాన వస్తువు నాణ్యత తగ్గదు. డ్రాయింగులో మైల్డ్ స్టీల్ బోల్టు అడిగారు, మీరు మైల్డ్ స్టీల్‌తోనే అన్ని కొలతలూ సరిపోయేలా చేసి ఇచ్చారు. అది నాణ్యమైన బోల్టే. స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసినా మరలు (థ్రెడ్లు) సరిగా పడకపోతే నాణ్యత లేనట్టే.

ఈ పాఠంలో నేర్చుకునే కరెక్షన్, కరెక్టివ్ యాక్షన్ అనే రెండు మాటలు హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల షెడ్లలో రోజూ వినిపిస్తాయి. అయినా ఆడిట్లలో ఎక్కువ తికమక వీటి దగ్గరే. ఒక్క షాఫ్టును పట్టుకుని చూద్దాం.

డ్రాయింగు ప్రకారం షాఫ్టు వ్యాసం 25.00 మి.మీ., టాలరెన్సు రెండు వైపులా 0.02. అంటే 24.98 నుంచి 25.02 వరకు ఎంత వచ్చినా సమ్మతమే. సీఎన్‌సీ లేత్ (కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే లేత్) మీద నుంచి తీసిన ఒక జాబును, అంటే చేసిన ముక్కను, మైక్రోమీటరుతో కొలిస్తే 25.04 వచ్చింది. కొలత నమ్మదగినదేనా అన్నది మొదట తేల్చుకోవాలి. మైక్రోమీటరు సున్నా సరిగ్గా ఉందా, క్యాలిబ్రేషన్ (ప్రామాణిక కొలతతో సరిచూడటం) గడువు దాటిందా చూడండి. జాబు వేడి మీద ఉందేమో కూడా చూడండి. 25 మి.మీ. ఉక్కు షాఫ్టు 25 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం దాదాపు 0.007 మి.మీ. పెరుగుతుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద పనిచేసేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చల్లారాక కొలిచినా 25.04 ఉంటే అది నాన్ కన్ఫార్మిటీ, షాపులో అనే ఎన్‌సీ. కోరిన అవసరం తీరలేదని దాని అర్థం. వాడకానికి పనికిరానంత తేడా అయితేనే దాన్ని డిఫెక్టు అంటారు. ఆ మాటకు చట్టపరమైన బరువు ఉంది కాబట్టి రిపోర్టుల్లో ఆచితూచి రాయాలి.

ఇప్పుడు కరెక్షన్. అంటే దొరికిన తేడాను సరిదిద్దడం. ఆ జాబుకు ఎర్ర ట్యాగు కట్టి మంచి వాటిలో కలవకుండా పక్కన పెట్టడం, అంతకుముందు చేసిన జాబులన్నీ తిరిగి కొలవడం, వ్యాసం ఎక్కువున్న వాటిని మళ్లీ టర్నింగ్ చేసి (లేత్ మీద చెక్కి) సైజుకు తేవడం, ఇవన్నీ కరెక్షనే. షాఫ్టు సైజు ఎక్కువైతే రీవర్కు చేయవచ్చు, తక్కువైతే సాధారణంగా స్క్రాపే. రంధ్రానికి ఇది తలకిందులవుతుంది. ఉన్నది ఉన్నట్టు పంపాలంటే కస్టమరు నుంచి రాతపూర్వకంగా కన్సెషన్, అంటే ఆ తేడాతోనే తీసుకుంటామన్న అనుమతి, తీసుకోవాలి. ఫోనులో అన్న "సరే" చెల్లదు.

ఆపరేటర్ టూల్ ఆఫ్‌సెట్‌ను (టూల్ స్థానాన్ని సరిచేసేందుకు మెషిన్‌లో ఇచ్చే అంకెను) 0.04 తగ్గించాడు, తర్వాతి జాబు 25.00 వచ్చింది. ఇది కరెక్టివ్ యాక్షనేనా? చాలామంది అవుననే అంటారు. నా దృష్టిలో ఇది కూడా కరెక్షనే. ఎందుకంటే ఇన్సర్టు (టూల్ కొనకు బిగించే, లోహాన్ని కోసే ముక్క) అంచు అరుగుతూనే ఉంటుంది, వ్యాసం మళ్లీ పెరుగుతుంది. కారణం ఉన్నచోటే ఉంది.

కరెక్టివ్ యాక్షన్ అంటే ఆ ఎన్‌సీ మళ్లీ రాకుండా దాని కారణాన్ని తొలగించడం. కారణం దొరికేదాకా "ఎందుకు" అని అడుగుతూ పోవాలి. టొయోటా కర్మాగారాల నుంచి ప్రపంచమంతా నేర్చుకున్న పద్ధతి ఇది. వ్యాసం ఎందుకు పెరిగింది? ఇన్సర్టు అరిగింది. సమయానికి ఎందుకు మార్చలేదు? 200 జాబులకు ఒకసారి మార్చమని సూచన పత్రంలో ఉంది, ఇంకా అన్ని కాలేదు. అంతకుముందే ఎందుకు అరిగింది? ఆ సంఖ్య మైల్డ్ స్టీల్ కోసం రాసినది, ఇప్పుడు నడుస్తున్నది అంతకంటే గట్టిదైన ఈఎన్ 24 అనే మిశ్రమ ఉక్కు. పత్రాన్ని ఎందుకు మార్చలేదు? మెటీరియల్ మారినప్పుడు పత్రాన్ని సరిచూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

ఇప్పుడు చేయాల్సిన పని స్పష్టంగా కనిపిస్తుంది. ఈఎన్ 24కు ఇన్సర్టు ఎన్ని జాబుల దాకా నిలుస్తుందో కొలిచి, ఆ సంఖ్య రాగానే మెషిన్ ఆగేలా ప్రోగ్రాములో కౌంటరు పెట్టాలి. మెటీరియల్ మారితే పత్రాన్ని ఎవరు సరిచూడాలో రాసిపెట్టాలి. ఇదే పొరపాటు పక్క మెషిన్ మీద కూడా పొంచి ఉందేమో వెతకాలి. కొన్ని వారాల తర్వాత కొలతల షీటు తీసి, ఫలితం నిలిచిందో లేదో చూడాలి. నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001లోని 10.2 క్లాజు కోరేది ఇదే. 2008 కూర్పులో విడిగా ఉన్న ప్రివెంటివ్ యాక్షన్ (ఇంకా రాని ఎన్‌సీని ముందే నివారించడం) క్లాజు 2015 కూర్పులో లేదు. దాని స్థానంలో రిస్కును ముందే ఆలోచించడం ప్రమాణమంతటా పరుచుకుంది.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. రిజిస్టర్లలో రూట్ కాజ్ (మూల కారణం) గడిలో "ఆపరేటర్ అజాగ్రత్త" అని, పక్క గడిలో "అవగాహన కల్పించాం" అని రాసేస్తుంటారు. ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్నట్టే లెక్క. మన ఉదాహరణలోని ఆపరేటర్ సూచన పత్రంలో ఉన్నట్టే పనిచేశాడు. మనిషి పేరు దగ్గర ఆగిన విచారణ సగంలో ఆగినట్టే, పైగా మరుసటిసారి తేడా వస్తే ఆ మనిషి చెప్పకుండా దాచేస్తాడు.

అభ్యాసం: మీరు పనిచేసే చోట ఇటీవల మూసేసిన ఒక ఎన్‌సీ రిపోర్టు తీసుకోండి. అందులో చేసిన ప్రతి పని పక్కనా "కరెక్షన్" లేదా "కరెక్టివ్ యాక్షన్" అని పెన్సిల్‌తో రాయండి. అన్నీ కరెక్షన్లే అయితే, చివరి "ఎందుకు" నుంచి మళ్లీ మొదలుపెట్టి మరో రెండు ప్రశ్నలు వేసి చూడండి. వచ్చే పాఠానికి మీ కొలతల షీటు దగ్గర పెట్టుకోండి. 1924లో అమెరికన్ గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ రూపొందించిన కంట్రోల్ చార్టును (కొలతలు హద్దుల్లో ఉన్నాయో లేదో చూపే పటాన్ని) ఆ అంకెలతోనే గీద్దాం.