బెత్తెడు పిల్ల మూరెడవుతుంది: పెద్ద చేపలు, చిన్న ట్యాంకులు

షాపులో కవర్లో కట్టిచ్చే ఆస్కార్ చేప పిల్ల మూడంగుళాలుంటుంది. రెండడుగుల ట్యాంక్‌లో వేస్తే నాలుగు నెలలు ముచ్చటగా తిరుగుతుంది. ఏడాది నిండేసరికి పది అంగుళాలు దాటుతుంది. ఆ ట్యాంక్ వెడల్పే పన్నెండు అంగుళాలు. ఇక అటు నుంచి ఇటు తిరగాలంటే తోక గాజుకి రాచుకోవాల్సిందే. సరిగ్గా చూసుకుంటే ఆస్కార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది, అన్నేళ్లూ అదే తంతు.

చేప ఇవాళ ఎంతుందో చూసి ట్యాంక్ కొనకూడదు, పూర్తిగా పెరిగితే ఎంతవుతుందో తెలుసుకుని కొనాలి. ఇంట్లో చేపల బాధలు చాలావరకు ఈ ఒక్క చోట లెక్క తప్పడం వల్లే.

"ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది సార్" అనే మాట తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా వినిపిస్తుంది. అందులో సగం నిజముంది, అందుకే జనం నమ్ముతారు. ఇరుకు నీళ్లలో చేప నిజంగానే గిడసబారుతుంది. అయితే అది సర్దుకుపోవడం కాదు, జబ్బు. తన మలమూత్రాల్లోనే తాను ఈదడం, ఎప్పుడూ బెదురుగా ఉండటం వల్ల ఎదుగుదల ఆగిపోతుంది. వెన్ను వంకర పోతుంది, ఒంటికి కళ్లు మరీ పెద్దవిగా కనిపిస్తాయి, ఆస్కార్‌కి తలమీద గుంటలు పడతాయి. పదేళ్ల చేప రెండు మూడేళ్లకే పోతే "ఆయుష్షు అంతే" అనుకుంటాం.

పెరిగితే ఎంతవుతాయి

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అడుగు వరకు. గుండ్రటి గోల్డ్‌ఫిష్ 15 నుంచి 20 సెంటీమీటర్లు, కామెట్‌లాంటి పొడవాటి రకాలు 25 నుంచి 30. గాజు గిన్నెలో పెట్టుకునే చేప ఇదే అనుకుంటారుగానీ, రోమ్ నగరం 2005లోనే గోల్డ్‌ఫిష్‌కి గుండ్రటి గిన్నెల్ని నిషేధించింది. కోయి 60 సెంటీమీటర్లు దాటుతుంది, అది గాజు ట్యాంక్ చేపే కాదు. పాచి తింటుందని అందరూ ఒకటి కొనే సక్కర్ 40 దాటుతుంది. సిల్వర్ అరవానా 80 నుంచి 90. రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు పైన. అలిగేటర్ గార్ రెండు మీటర్ల దాకా పోతుంది, దాన్ని పిల్లగా అమ్మడమే తప్పు.

పేర్ల మాయ ఇంకొకటి. ట్యాంక్‌లో గుంపుగా తిరిగే నల్లటి "షార్క్" పిల్లలు షార్కులు కావు. చేపల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే పంగాస్ అదే. కొల్లేరు వైపు చెరువుల్లో ఏడాదిలోపే కిలో దాటే చేప, వదిలేస్తే మీటరు దాటుతుంది. "పిరానా" అని చూపించేది చాలాసార్లు పాకూ, అంటే మన రూప్‌చంద్. పులుసుకి తెచ్చే చేప పిల్లని రెండడుగుల గాజుపెట్టెలో పెట్టి మురిసిపోతున్నామన్నమాట.

ఆసియా అరవానా, అరపైమా కొనేవాళ్లకి ఒక మాట. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న జాతులివి. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఇంట్లో ఉంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. బిల్లూ కాగితాలూ లేకుండా ఇచ్చేవాళ్ల దగ్గర కొనకండి. ఈశాన్యంలో అరవానా ఉంటే కలిసొస్తుందని కొనేవాళ్లు ఎక్కువ. వాస్తు అడిగేది ఈశాన్యంలో నీళ్లనే, అందులో మూడడుగుల చేప ఉండాలని కాదు.

కొలత

పూర్తిగా పెరిగిన చేప పొడవుకి నాలుగు రెట్లు ట్యాంక్ పొడవు, ఒకటిన్నర రెట్లు వెడల్పు. ఇంతకంటే తగ్గకూడదు. అడుగు ఆస్కార్‌కి 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అదీ ఒక్క చేపకి. అరవానాకి ఇలా లెక్కేస్తే పన్నెండడుగుల దాకా వస్తుంది. ఆ చేప ఒంటిని బాగా వంచగలదు కాబట్టి ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు దాకా దిగొచ్చు, అంతకు కిందికి వద్దు. ఎత్తు పెంచి "లీటర్లు సరిపోయాయి కదా" అంటే కుదరదు. చేప ఈదేది అడ్డంగా.

లీటర్లు కావాలంటే అడుగుల్లో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 28తో హెచ్చవేయండి. 2×1×1 ట్యాంక్ 56 లీటర్లు, ఇసుక, పైన ఖాళీ పోతే 45. 4×1.5×1.5 అయితే 250 లీటర్లు, నికరంగా 220. నీళ్లే లీటరుకి కిలో, గాజు, స్టాండు కలిపితే ఈ నాలుగడుగులది 350 కిలోల దాకా వస్తుంది. పై అంతస్తులో అయితే గది మధ్యలో కాకుండా, కింద బీమ్ ఉన్న గోడవారగా పెట్టండి. ఆరడుగుల ట్యాంక్ ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు, దానికి ఇల్లు కట్టిన ఇంజనీరుని అడగాల్సిందే.

చట్టం కూడా ఈ సంగతి చెప్పింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులోగానీ పాత్రలోగానీ జంతువుని ఉంచడం నేరం. ఆ చట్టంలో జంతువంటే మనిషి కాని ఏ ప్రాణైనా, చేపతో సహా. జరిమానా మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు, ఒక డబ్బా పెల్లెట్స్ (మేత గుళికలు) కూడా రాని డబ్బు.

ఇప్పటికే ఇరుకులో ఉంటే

చాలామంది చేసే పని: గిల్టీగా అనిపించి, ఆదివారం ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్లు పోస్తారు. సోమవారం పొద్దునకి చేప తేలుతుంది. "శుభ్రం చేస్తే చచ్చిపోయింది" అంటారు. అది అబద్ధం కాదు.

కారణం ఇదీ. పెద్ద చేప ఉన్న చిన్న ట్యాంక్‌లో నీళ్ల క్షారత నెమ్మదిగా ఖర్చయిపోయి పీహెచ్ (నీళ్ల పులుపుని కొలిచే అంకె, 7 కంటే తగ్గితే పులుపు) 6 దాకా పడిపోతుంది. ఆ పుల్లటి నీళ్లలో చేప విసర్జించే అమ్మోనియా ఎంతున్నా విషం కాని అమ్మోనియం రూపంలో పడి ఉంటుంది. మన బోరు నీళ్లు గట్టివి, చాలాచోట్ల పీహెచ్ 8 దగ్గర ఉంటాయి. అవి సగానికి సగం పోయగానే పీహెచ్ ఎగబాకుతుంది, ఉన్న అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 6 నుంచి 8కి పోతే విషం వాటా దాదాపు వంద రెట్లు. మొప్పలు కాలిపోయి చేప పోతుంది. ఫిల్టర్ స్పాంజిని కూడా పంపు కింద కడిగేసి ఉంటే, అమ్మోనియాని తినే బ్యాక్టీరియా కూడా పోయినట్టే.

అందుకని ముందు చుక్కల టెస్ట్ కిట్ కొని అమ్మోనియా, నైట్రేట్, పీహెచ్ చూడండి. ఆ రోజు మేత ఆపండి. వారం రోజులు రోజుకి పదో వంతు నీళ్లే మార్చండి, ప్రతిసారీ పీహెచ్ చూసుకుంటూ. వారం తర్వాత వారానికి రెండుసార్లు పాతిక శాతం. అమ్మోనియా సున్నా, నైట్రేట్ లీటరుకి 40 మిల్లీగ్రాముల లోపు వచ్చేదాకా మేత సగమే. స్పాంజిని ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

కొత్త నీళ్లని కూడా సిద్ధం చేయాలి. కల్యాణి డ్యామ్, కండలేరు నుంచి తిరుపతికొచ్చే మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజు ఉంచండి, లేదంటే యాంటీ క్లోరిన్ సీసా మీద రాసినన్ని చుక్కలు వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ లేకపోయినా ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉంటాయి, వాటిలోకీ పూటంతా బబ్లర్‌తో గాలి పోనివ్వాలి. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయకండి, వాటిలో లవణాలు లేక పీహెచ్ నిలవదు.

ఇదంతా చేపని బతికించి ఉంచడానికే. ఇరుకు ఇంకా అలాగే ఉంది.

పెద్ద ట్యాంక్‌కి మారిస్తే

4×1.5×1.5కి 10 ఎంఎం గాజు, కింద అంగుళం థర్మోకోల్ షీటు. గంటకి 1200 నుంచి 1500 లీటర్లు తిప్పే ఫిల్టర్. కొత్త ట్యాంక్‌లో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టర్‌లోని స్పాంజిని, సిరామిక్ రింగులని తడి ఆరకుండా కొత్తదాంట్లోకి మారిస్తే ఆ నిరీక్షణ తప్పుతుంది. ఆస్కార్ ఇసుక తవ్వుతుంది కాబట్టి పదునైన రాళ్లు, ప్లాస్టిక్ బొమ్మలు వద్దు.

మే నెలలో తిరుపతి గదుల్లో నీళ్లు 32, 33 డిగ్రీలకి పోతాయి. వేడి నీళ్లు ఆక్సిజన్‌ని పట్టి ఉంచలేవు, 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పట్టేది 32 దగ్గర 7.3కి దిగుతుంది. పైగా చేపకి అప్పుడే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. మూత తీసి వల బిగించి, నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. అదనంగా ఇంకో ఎయిర్ స్టోన్ వేయండి. ఐసు ముక్కలు వేయకండి. మేత పొద్దున్నే, అదీ సగం. కరెంటు పోతే ఇంకా కష్టం, పెద్ద చేప ఉన్న ట్యాంక్‌లో గంట రెండు గంటల్లోనే పైకొచ్చి గుటకలేయడం మొదలవుతుంది. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండాలి. ట్యాంక్ బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్ నాలుగైదు గంటలు ఆగిపోతే లోపలి మెటీరియల్‌ని ట్యాంక్ నీళ్లలో కడిగాకే మళ్లీ వేయండి, లేదంటే లోపల కుళ్లినదంతా చేప మీదికి వస్తుంది.

కోయి, పంగాస్‌లకి గాజు మాటే వద్దు, పెరట్లో నేలమీద తొట్టి కావాలి. మూడు మీటర్ల వ్యాసం, మీటరు లోతు ఉన్న టార్పాలిన్ తొట్టికి ఏడు వేల లీటర్లు పడతాయి, కోయిలకి అది బాగానే ఉంటుంది. మిద్దెమీద కట్టకండి. స్లాబుని చదరపు మీటరుకి 150, 200 కిలోలకే లెక్కవేస్తారు, మీటరు లోతు నీళ్లు వెయ్యి కిలోలు. కొత్త సిమెంటు తొట్టి అయితే సున్నం ఊరి పీహెచ్ 10 దాటుతుంది. నీళ్లు నింపి అరటి బోదె ముక్కలు వేసి వారం ఉంచి పారబోయండి. పీహెచ్ 8.5 కిందికి దిగేదాకా మళ్లీ మళ్లీ నింపి వదలండి. పైన షేడ్ నెట్ తప్పనిసరి, ఎండకే కాదు, కొంగలకి కూడా.

ఇచ్చేయాల్సి వస్తే

కొన్న షాపునే ముందు అడగండి. డబ్బు తిరిగి అడగకపోతే చాలామంది తీసుకుంటారు. కాకపోతే అదే చేపని మళ్లీ ఇంకో రెండడుగుల ట్యాంక్‌కి అమ్మేయొచ్చు, అందుకే పెద్ద తొట్టి ఉన్న పెంపకందారు దొరికితే అదే మేలు. చెన్నై కొళత్తూరు అలంకార చేపల మార్కెట్ మనకి మూడు నాలుగు గంటల దూరమే, పెద్ద చేపలు తీసుకునేవాళ్లని అక్కడా వాకబు చేయొచ్చు.

తీసుకెళ్లే ముందు ఒకటిన్నర, రెండు రోజులు మేత ఆపండి, కవర్లో మలం తగ్గుతుంది. పంగాస్, క్యాట్‌ఫిష్‌లని వలతో పట్టకండి. ముల్లు వలలో చిక్కుకుని రెక్క చీలుతుంది, మందపాటి కవర్‌ని నీళ్లలో ముంచి అందులోకి తోలండి. రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి, మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్. అడుగు దాటిన చేపకి మూతున్న డ్రమ్ము, బ్యాటరీ పంపు. తెల్లవారుజామున బయల్దేరండి. చేరాక కవర్‌ని పావుగంట నీళ్లలో తేలనిచ్చి, విప్పిన తర్వాత గంటలు గంటలు నీళ్లు కలుపుతూ కూర్చోకండి. విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ లేస్తుంది, పైన చెప్పిన అమ్మోనియా కథే మళ్లీ.

కోనేట్లోనో చెరువులోనో వదిలితే పుణ్యమనుకోవద్దు. గోవిందరాజస్వామి పుష్కరిణైనా, అవిలాల చెరువైనా, చిత్తూరు కట్టమంచి చెరువైనా, స్వర్ణముఖైనా ఒకటే. పెల్లెట్స్‌కి అలవాటుపడిన చేప అక్కడ ఆకలితో చస్తే దానికి నరకం, బతికితే చెరువుకి నరకం. సక్కర్ చేపలు అలా వదిలినవే. చేపలవాళ్లు వాటిని దెయ్యం చేపలంటారు. గట్లలో బొరియలు చేసి, వలలు చీల్చి, ఇక్కడి చేపల మేతకి పోటీ వస్తాయి. ఒకసారి గుడ్లు పెట్టాక చెరువులోంచి ఏరివేయడం ఎవరి తరమూ కాదు.

పంగాసే కదా కూర వండేద్దామంటే, ట్యాంక్‌లో మిథిలీన్ బ్లూ, మాలకైట్ గ్రీన్‌లాంటి మందులు ఎప్పుడు వాడి ఉన్నా తినకూడదు.

వెన్ను వంగి, మేత ముట్టక, కోలుకునే దారి లేని చేపకి బాధ లేకుండా ముగింపు ఇవ్వడం కూడా పెంచినవాళ్ల పనే. లవంగ నూనెని సీసాలో గోరువెచ్చని నీళ్లతో తెల్లగా అయ్యేదాకా గిలకొట్టండి. చేపని వేరే తొట్టిలో దాని నీళ్లలోనే ఉంచి, ముందు కొంచెం పోసి అది పక్కకి ఒరిగేదాకా ఆగండి. తర్వాత మొత్తం మీద పది లీటర్లకి 4 నుంచి 5 మిల్లీలీటర్ల నూనె పడేలా మిగతాది పోయండి. మొప్పలు ఆడటం ఆగాక ఇంకో అరగంట నీళ్లలోనే ఉంచండి, తొందరపడి తీస్తే తేరుకునే ప్రమాదముంది. బతికుండగా ఫ్రిజ్‌లో పెట్టడం, టాయిలెట్లో వదలడం చేయకండి.

ఖాళీ అయిన రెండడుగుల ట్యాంక్‌ని అటక ఎక్కించక్కర్లేదు. మన గట్టి నీళ్లు గప్పీలకి సరిగ్గా సరిపోతాయి. ఎనిమిది నుంచి పది మగ గప్పీలు, చిన్న స్పాంజి ఫిల్టర్, వారానికి పావు వంతు నీళ్ల మార్పు. ఆడవి మాత్రం కలపకండి, నాలుగైదు నెలల్లో మళ్లీ ఇరుకే.