పాత గ్రైండర్ బేరానికి వెళ్లే ముందు

వానలు తగ్గి దసరా దగ్గరపడుతుంటే, సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకోవాలనుకునే కుర్రవాళ్లు పాత యంత్రాల వేటలో పడతారు. సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, ఊరి చివర తుక్కు దుకాణమైనా, పోత ఇనుప దిమ్మ మీద నిలబడ్డ, ఇనుప పనిముట్లు సాన పట్టే పాత గ్రైండర్ కనిపిస్తే నేనూ ఆగి చూడకుండా ఉండలేను. ఆ బరువే అదురును మింగేస్తుంది. కొత్తగా వచ్చే తేలికపాటి గ్రైండర్లలో ఆ నిలకడ ఉండదు. కాబట్టి పాతది కొనవద్దని చెప్పను. యంత్రాన్ని కొనండి, దాని మీదున్న సాన రాయిని మాత్రం నమ్మకండి.

అమ్మేవారు ముందుగా స్విచ్ వేసి నడిపి చూపిస్తామంటారు. వద్దనండి. ఆగి ఉన్న యంత్రాన్ని చూడటం పూర్తయ్యాకే నడిపించాలి. తీగలు తీసేసి ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకుని చేయి పెట్టండి. సింగిల్ ఫేజు మోటారైతే కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది, దాని జోలికి నేరుగా పోవద్దు.

మొదట చూడాల్సింది మోటారు నేమ్ ప్లేట్ మీద ఉండే వేగం. ఒకసారి పది అంగుళాల గ్రైండర్ బేరం దాదాపు కుదిరిపోయింది. కొత్తగా పూసిన ఆకుపచ్చ రంగు కింద నేమ్ ప్లేట్ కప్పబడి ఉంది. గోరుతో గీకితే ముందు 2 కనిపించింది, తర్వాత 8, ఆ పైన మరో 8, చివర సున్నా. అసలు మోటారు కాలిపోతే ఎవరో చేతికందినది బిగించేశారు. లెక్క వేసి చూడండి: 250 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 2880 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 37 మీటర్లు దాటి పరుగెత్తుతుంది. మామూలు బూడిద రంగు రాళ్ల మీద రాసి ఉండే గరిష్ఠ వేగం చాలావరకు 33 నుంచి 35 మీటర్లే. ఎనిమిది అంగుళాల రాయికి 2880 సరిపోతుంది, అంచు వేగం 30 దగ్గరే ఆగుతుంది. పది, పన్నెండు అంగుళాల రాళ్లకు 1440 చుట్ల మోటారే ఉండాలి. తప్పు మోటారుతోనూ ఆ యంత్రం చక్కగా, ఇంకా జోరుగా నడుస్తుంది. అదే భయం. నేమ్ ప్లేట్ లేకపోతే, చివర నడిపించేటప్పుడు టాకోమీటర్ (చుట్లు లెక్కించే పరికరం) పెట్టి కొలిపించండి. కొలవడానికి ఒప్పుకోకపోతే ఆ గ్రైండర్‌ను అక్కడే వదిలేయండి.

ఇక రాయి. కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు వేలితో కొట్టి చూసేవారు కదా, ఇదీ అంతే. రాయిని విప్పి, దుమ్ము తుడిచి, మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీయండి. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకు కొంచెం లోపలగా నాలుగు చోట్ల మెల్లగా తట్టండి. మంచి రాయి ఖంగుమంటుంది. పగులున్నది పగిలిన కుండలాగే మొద్దుగా పలుకుతుంది. రెసిన్ అనే జిగురుతో కట్టిన రాళ్లు అంత స్పష్టంగా మోగవు, నూనె గానీ నీరు గానీ పీల్చినవీ మోగవు. అనుమానం వస్తే ఆ రాయి వద్దు. నా వరకు, ఖంగుమన్నా సరే, పాత గ్రైండర్‌తో వచ్చిన రాయిని వాడను. ఎన్నేళ్లు తడిలో పడి ఉందో, ఎన్నిసార్లు కింద పడిందో రాయి చెప్పదు. విప్పేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: ఎదురుగా నిలబడితే మీ ఎడమ వైపు నట్టుకు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక బలం పెట్టి షాఫ్టు మర చెడగొట్టినవాళ్లున్నారు.

రాయి తీశాక, దాన్ని రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లాంజీలు (ఇనుప బిళ్లలు) చూడండి. రెండూ ఒకే కొలతలో, రాయి వ్యాసంలో కనీసం మూడో వంతు ఉండాలి. ఒకటి పోతే వాషరు వేసి సరిపెట్టినవి చాలా కనిపిస్తాయి. షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ కదపండి. చేతికి ఆట తెలిసిందంటే బేరింగులు పోయినట్టే. అవి మార్చుకోవచ్చు, ధరలో తగ్గించమని అడగండి. వంగిన షాఫ్టు అలా కాదు. మేకు మొనను షాఫ్టుకు దగ్గరగా కదలకుండా పట్టి ఉంచి షాఫ్టును చేత్తో తిప్పితే, వంగినదైతే సందు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అలాంటిది వద్దు. దిమ్మ మీద కొత్త రంగు మందంగా ఉంటే దాని కింద వెల్డింగ్ చేసిన పగులు ఉందేమో తడిమి చూడాలి. రాయిని కప్పి ఉంచే గార్డు లేని గ్రైండర్‌ను గార్డు చేయించే ఖర్చుతో కలిపి లెక్కించండి. తర్వాత చూద్దాం అనుకుంటే అది ఎప్పటికీ జరగదు.

మోటారు వైండింగ్ (లోపలి తీగ చుట్లు) విషయంలో వానాకాలం తర్వాత మరింత జాగ్రత్త అవసరం. ఆరుబయట పడి ఉన్న మోటార్లు తేమ పీల్చుకుని ఉంటాయి. టెర్మినల్ పెట్టె మూత తీసి వాసన చూడండి, మాడిన వార్నిష్ వాసన దాగదు. 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు బయటికి కారుతోందేమో కొలిచే పరికరం) వైండింగ్‌కూ బాడీకీ మధ్య కొలిస్తే 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపే మోటారుకు కరెంటు ఇవ్వనివ్వకండి. తేమ వల్లే తగ్గిందంటే ఆరబెట్టించి, మళ్లీ కొలిచాకే డబ్బు చేతికివ్వండి. రాగి తీగ అని చెప్పి అల్యూమినియం తీగతో చుట్టినవీ ఉంటాయి. తీగ చివర ఎనామిల్ కాస్త గీకితే రంగు తెలిసిపోతుంది.

ఇప్పుడు నడిపించండి, రాయి లేకుండా. త్రీ ఫేజు మోటారైతే మూడు ఫేజులకూ టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) పెట్టండి. సరఫరా వోల్టేజీ సమంగా ఉన్నా ఒక ఫేజు కరెంటు మిగతావాటికంటే పదో వంతుకు మించి తేడాగా ఉంటే వైండింగ్‌లో లోపం ఉంది. పని లేకుండానే నేమ్ ప్లేట్ మీద రాసినంత కరెంటు లాగుతుంటే, పాత తీగను మంటపెట్టి తీసినప్పుడు లోపలి ఇనుప కోర్ పాడై ఉండవచ్చు. అరగంట అలాగే తిరగనివ్వండి. స్విచ్ తీసేశాక ఆగేదాకా చెవి పెట్టి వినండి. మోటారు గుర్రు ఆగిపోతుంది కాబట్టి బేరింగ్ గరగర ఒక్కటే వినిపిస్తుంది. నేను నిర్ణయం తీసుకునేది ఆ శబ్దం విన్నాకే.

మీ షెడ్డులో త్రీ ఫేజు కనెక్షన్ ఉందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోండి. ఊళ్లో వైండింగ్ చేసేవారిని ఖర్చెంతో ముందే అడిగి వెళ్లండి. ధర, బేరింగులు, వైండింగ్ కలిసి కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటితే నేను వెనక్కి వచ్చేస్తాను.

ఇంటికి తెచ్చాక ఎర్త్ తీగ ముందు, మిగతావన్నీ తర్వాత. కరెంటు మితిమీరితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్ పెట్టండి, దాన్ని నేమ్ ప్లేట్ కరెంటుకు సరిచేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగడం మొదలుపెట్టకూడదు. కొత్త రాయికి రెండు వైపులా అట్ట బిళ్లలు వేసి బిగించండి. పని ఆనించే బల్లకూ రాయికీ మధ్య 3 మిల్లీమీటర్లు, గార్డు పై నాలుకకూ రాయికీ మధ్య 6 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. కళ్లద్దాలు పెట్టుకోండి, చేతి తొడుగులు, కండువా తీసేయండి. మొదటిసారి స్విచ్ వేసేటప్పుడు రాయికి ఎదురుగా కాకుండా పక్కకు జరగండి. కనీసం ఒక నిమిషం పాటు ఖాళీగా తిరగనివ్వండి. ఆ నిమిషంలో రాయి తిరిగే వరసలో ఎవరూ లేకుండా, ముఖ్యంగా పిల్లలు లేకుండా చూసుకోండి.