హార్స్‌లిప్స్ రాక్ పాటలో పాత బాణీని పట్టుకోవడం ఎలా

చెన్నై మందవెళిలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లాడొకడు ఒక సాయంత్రం ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, "టీచర్, ఇది రాకా, జానపదమా?" అని అడిగాడు. ఎలక్ట్రిక్ గిటారు హోరెత్తిస్తోంది. ఐర్లండ్ బృందం హార్స్‌లిప్స్ 1973లో విడుదల చేసిన ‘డియర్గ్ డూమ్’ అది. "రెండూను నాయనా" అన్నాను. జానీ ఫీన్ గిటారు మీద వాయించే ఆ వరస ‘ఓనీల్స్ మార్చ్’ అనే పాత ఐరిష్ దండు బాణీ. వాడికి నేర్పిన పద్ధతే మీకూ చెబుతాను.

ముందు బృందాన్ని పక్కన పెట్టి బాణీని వినండి. చెన్నైలో సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. ముత్తుస్వామి దీక్షితులవారు సెయింట్ జార్జి కోటలో బ్యాండు వాయించే బాణీలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. ‘వందే మీనాక్షి’కి ఆధారం ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ బాణీ. మాలో అనేది కార్క్ ప్రాంతంలో ఒక ఊరు. శంకరాభరణ రాగంలో మనం చిన్నప్పుడే పాడేసిన వరస అది. ఒకసారి పాడుకుని, ఆ తర్వాత ఐరిష్ ఫిడేలు మీద వినండి. స్వరాన్ని ఊపే మన గమకం ఉండదు. దాని బదులు స్వరం మీద వేలు ఇలా తాకి అలా తీసేస్తారు, చిటికె వేసినట్టు.

తర్వాత తొడ మీద లెక్క వెయ్యాలి. జిగ్, రీల్, స్లిప్ జిగ్ అనేవి ఐరిష్ నాట్యబాణీల్లో రకాలు. జిగ్ అయితే తకిట తకిట, రీల్ అయితే తకధిమి తకధిమి. స్లిప్ జిగ్‌లో తకిట మూడుసార్లు వస్తేగాని తాళం ఒక ఆవర్తం పూర్తవదు. మామూలుగా బాణీలో రెండు భాగాలుంటాయి, ఒక్కో భాగాన్ని రెండేసిసార్లు వాయిస్తారు. రెండో భాగం చాలాసార్లు తారస్థాయికి ఎక్కుతుంది. ఆ ఎక్కడం చెవికి పట్టిందంటే ఎంత డ్రమ్స్ మోతలోనైనా దారి తప్పరు.

ఇప్పుడు 1974 నాటి ‘డ్యాన్స్‌హాల్ స్వీట్‌హార్ట్స్’ ఆల్బమ్‌లోని ‘కింగ్ ఆఫ్ ద ఫెయిరీస్’ పెట్టండి. నాకు ప్రాణం ఇది. స్వరాలు అచ్చంగా మన ఖరహరప్రియ రాగానివే. శ్రుతి పట్టుకుని సరిగమపదని ఒకసారి అనుకుంటే చాలు, మీ గొంతు దాని వెంట నడుస్తుంది. సెట్ డ్యాన్స్ అనే ప్రత్యేక నాట్యానికి కట్టిన బాణీ కాబట్టి రెండో భాగం మొదటిదానికన్నా పొడుగు. మొదటిసారి బృందంలోని చార్ల్స్ ఓకానర్ ఫిడేలునే పట్టుకోండి, మిగతాది వినబడనట్టే ఉండండి. రెండోసారి గిటారును, మూడోసారి కింద నడిచే బేస్‌ను వినండి. మా పిల్లాడు మూడోసారికి వయొలిన్ తీసి, అడక్కుండానే గిటారు వరసను విల్లుతో లాగేశాడు. గాంధారం కాస్త పైకి పోయింది. సరిదిద్దకుండా పూర్తిగా వాయించనిచ్చాను.

హోరు ఇబ్బంది పెడితే 1975లో వచ్చిన ‘డ్రైవ్ ద కోల్డ్ వింటర్ అవే’తో మొదలుపెట్టండి. అందులో ఎలక్ట్రిక్ హోరు లేదు, బాణీలు విడివిడిగా వినబడతాయి. బృందంలోని జిమ్ లాక్‌హార్ట్ వేణువూ విజిలూ ఎలా ఊదుతారో ఇక్కడ తెలుస్తుంది. వీళ్లు రాక్ మీద జానపదాన్ని అద్దకం వేసినవాళ్లు కారని నాకు నమ్మకం కలిగింది ఈ రికార్డుతోనే.

‘ద టాయిన్’ ఆల్బమ్ మాత్రం చివరికి ఉంచుకోండి. ‘డియర్గ్ డూమ్’ ఉన్నది అందులోనే. ఆల్బమ్ అంతా ఒకే కథ: మేవ్ రాణి ఒక గోధుమరంగు ఆబోతు కోసం అల్‌స్టర్ మీదికి దండెత్తుతుంది, కూహులిన్ అనే కుర్రవీరుడు ఒంటరిగా అడ్డు నిలుస్తాడు. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం చదివినవాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు. పాటలు ఏరుకోవద్దు. వరసగా, ఒకే బిగిన, తలుపు వేసుకుని వినండి. ‘డియర్గ్ డూమ్’ వచ్చేసరికి ఓనీల్స్ మార్చ్ మీ నోట్లో ముందే ఆడుతుండాలి. ఆడకపోతే ఆపేసి, ఆ మార్చ్‌ను ఒంటి ఫిడేలు మీద ఇంకో నాలుగుసార్లు విని మళ్లీ రండి.